కారు స్టీరింగు బోటుకు బిగిస్తారా?

వేట నిషేధం మొదలై బోట్లు మరమ్మతుకొచ్చాయో లేదో, ఫోన్లో ఒకటే మెసేజీ. పొద్దున బావ పంపాడు, మధ్యాహ్నం ఐసు ఫ్యాక్టరీ కుర్రాడు, రాత్రికి మళ్లీ బావే. ‘వెనక డెక్కు మీద రెండో స్టీరింగు పెట్టుకునేవారికి అయిదు రహస్యాలు’ అట. రాసిన మహానుభావుడు వల లాగేటప్పుడు డెక్కు మీద ఎప్పుడైనా నిలబడ్డాడా అని నా అనుమానం.

‘చక్రం చిన్నదైతే బోటు గబుక్కున తిరుగుతుంది.’ హైడ్రాలిక్ స్టీరింగులో చక్రం వెనకుండే పంపు ఆయిలును తోస్తే, ఆ ఒత్తిడితో సిలిండరు చుక్కానిని తిప్పుతుంది. చుక్కాని ఈ కొస నుంచి ఆ కొసకు పోవడానికి ఎన్ని చుట్లు తిప్పాలో తేల్చేవి పంపూ సిలిండరూ. 16 అంగుళాలది తీసి 12 అంగుళాలది పెట్టినా చుట్లు అవే. చేతి బలం మాత్రం మూడో వంతు ఎక్కువ పెట్టాలి.

‘రెండు చక్రాలూ ఒకే కంపెనీవి కావాలి.’ అక్కర్లేదు.

‘అయస్కాంతం అంటుకోకపోతే అది 316 స్టీలే.’ 316 అంటే ఉప్పునీళ్లకు బాగా తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీలు గ్రేడు. అంతగా తట్టుకోని 304 కూడా మామూలుగా అంటుకోదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి.

అసలు కడుపుమంట నాలుగోదానితో: ‘పాత సామాన్ల కొట్లో కారు స్టీరింగు కొని, మధ్య భాగం కోసి, షాఫ్టుకు వెల్డింగు చేయించండి. వేలల్లో మిగులు.’ బోటు పంపు షాఫ్టు కొసకు సన్నబడుతూ వస్తుంది. చక్రం బొడ్డులోని రంధ్రమూ అదే వాలులో ఉంటుంది. మధ్యలో చక్రం జారి తిరక్కుండా ‘కీ’ అనే చిన్న ఇనుప ముక్క, పైన నట్టు. నట్టు బిగించేకొద్దీ ఆ వాలు పట్టేస్తుంది, అందుకే ఊగదు. కారుదానికి లోపల పళ్లుంటాయి. రెంటికీ పొత్తే లేదు. పోనీ వెల్డింగు పెట్టారే అనుకుందాం. ఆ వేడి షాఫ్టు వెంట దిగి, ఆయిలు కారకుండా ఆపే పంపు సీలును కాలుస్తుంది. రేపు సీలు మార్చాలంటే పుల్లరు పెట్టి చక్రం ఊడదీసే దారి ఉండదు, గ్యాసు కట్టరే గతి. ఇంకో సంగతి: కొన్ని కార్ల స్టీరింగుల్లో రబ్బరు కింద ఉండేది మెగ్నీషియం మిశ్రమం. అది ఇనుప షాఫ్టుకు వెల్డింగుతో అతకదు. గ్రైండరు పెడితే వచ్చే పొడి నిప్పురవ్వ పడితే భగ్గుమంటుంది, అదీ డీజిలు ట్యాంకు పక్కన! ఉప్పునీళ్లు తగిలితే సరేసరి, తినేస్తుంది. ఇవన్నీ దాటి నిలిచిందనుకున్నా, వల నీళ్లలో ఉండగా, పక్క బోటు అడ్డం వస్తుండగా చక్రం ఊడి చేతిలోకొస్తే క్యాబిన్‌లోని స్టీరింగు దగ్గరికి ఎన్ని అంగల్లో పరుగెడతారు? మిగిలిన వేలు అప్పుడు లెక్కపెట్టుకోవచ్చు. ఎయిర్‌బ్యాగు కూడా ఉంచుకోమనలేదు, సంతోషం.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. కారు స్టీరింగు అంచు లావుగా, మెత్తగా ఉండి తడి చేతికి జారదని అతను రాశాడు. నిజమే. సన్నటి స్టీలు కడ్డీ చక్రం చేపజిగురు చేతుల్లో జారిపోతుంది, మిట్టమధ్యాహ్నం అరచెయ్యి కాలుస్తుంది. బోటు చక్రమే కొని, అంచు చుట్టూ సన్నతాడు బిగువుగా చుట్టించండి. కొనేటప్పుడు అంచు పట్టుకు చూడండి, పిడికిలికీ వెనక పలకకీ మధ్య సందు ఉండాలి. లేదంటే తిప్పిన ప్రతిసారీ వేళ్ల కణుపులు చెక్కుకుపోతాయి.

అయిదోది, పంపులో ఆయిలు తగ్గితే బ్రేక్ ఆయిలు పొయ్యమనడం. సీళ్లు ఉబ్బి చస్తాయి. పంపు కంపెనీ చెప్పిన హైడ్రాలిక్ ఆయిలే పొయ్యండి, అదీ రెండు స్టీరింగుల పంపుల్లో ఏది ఎత్తులో ఉందో దానిలోంచి.