చిరునవ్వుకు ఎన్ని క్రెడిట్లు?

హోటల్ మేనేజ్‌మెంట్‌లో డిగ్రీ చేస్తున్నానని ఎవరైనా చెప్పగానే ఎదుటివాళ్ళ ముఖంలో కాస్త జాలి, ఆ జాలి వెనకాలే ఒక ప్రశ్న తొంగిచూస్తాయి: ప్లేట్లు అందించడానికి విశ్వవిద్యాలయం దాకా వెళ్ళాలా? ఇలా అడిగేవాళ్ళకు ఆ చదువు లోతు తెలియదు కాబట్టి, దాని తరఫున నేను వకాల్తా పుచ్చుకుంటున్నాను. ప్లేటు అందించడం ఎవరికైనా వస్తుంది. ఆహారమైతే ఎడమవైపు నుంచి, పానీయమైతే కుడివైపు నుంచి అందించాలనీ, ఖాళీ అయ్యాక మాత్రం కుడివైపు నుంచే తీయాలనీ చెప్పి, ఆ కుడి ఎడమల మర్మాన్ని పది మార్కుల ప్రశ్నగా అడిగి, హాజరు చాలనివాణ్ణి ఆ ప్లేటు దరిదాపులకు కూడా రానివ్వకుండా ఆపగలగడం ఒక్క విశ్వవిద్యాలయానికే చేతనవుతుంది.

ముందుగా మన భాష చేసిన పొరపాటును దిద్దాలి. తిథి చూసుకోకుండా, చెప్పాపెట్టకుండా వచ్చేవాడు అతిథి అని పెద్దలు వ్యుత్పత్తి చెప్పారు. పాపం, వాళ్ళకు రిజర్వేషన్ సంగతి తెలియదు. ఈ చదువులో అతిథికి తిథి ఉండి తీరాలి. దిగే తేదీ, ఖాళీ చేసే తేదీ, కార్డు నంబరు చేతికి వచ్చాకే అతను అతిథి అవుతాడు. అవేవీ లేకుండా గుమ్మంలో నిలబడ్డవాణ్ణి వాకిన్ అంటారు, అతనికి తగ్గింపులేవీ లేని రాక్ రేటు వినిపిస్తారు. పైగా హోటల్లో తేదీ అర్ధరాత్రి పన్నెండింటికి దానంతటది మారదు. రాత్రి షిఫ్టులో కూర్చున్న నైట్ ఆడిటరు ఆనాటి లెక్కలన్నీ సరిచూసి రోజును మూసినప్పుడే మారుతుంది. పంచాంగకర్తలకు కూడా లేని ఈ అధికారాన్ని నిద్రమొహంతో ఉన్న ఒక ట్రైనీ చేతిలో పెట్టే చదువును చిన్నచూపు చూడటం న్యాయమా?

లాటిన్‌వాళ్ళు ఈ విషయంలో మనకంటే జాగ్రత్తపరులు. వచ్చినవాణ్ణీ ఆదరించినవాణ్ణీ హోస్పెస్ అనే ఒకే మాటతో పిలిచారు, దానికి దగ్గరి చుట్టమైన హోస్టిస్‌ను శత్రువు కోసం అట్టే పెట్టుకున్నారు. చెక్ అవుట్ వేళ కౌంటరు వెనక నిలబడి మినీబార్ బిల్లు గురించి నచ్చజెప్పినవాళ్ళెవరికీ ఈ చుట్టరికాన్ని వేరే వివరించనక్కరలేదు. హోటలు, హాస్టలు, హాస్పిటలు కూడా ఆ హోస్పెస్ కడుపున పుట్టినవే. విద్యార్థికి ఈ శబ్దశాస్త్రమంతా అనుభవపూర్వకంగా తెలుస్తుంది: హాస్టల్లో ఉంటాడు, హోటల్లో పనిచేస్తాడు, వరసగా మూడు డబుల్ షిఫ్టులు పడ్డ వారంలో మూడోది కూడా చూసివస్తాడు.

ఈ చదువుకు వంశగౌరవం తక్కువేమీ కాదు. 1893లో జాక్ చుమీ అనే హోటల్ పెద్దమనిషి స్విట్జర్లాండులోని లోజాన్‌లో ప్రపంచంలో మొట్టమొదటి హోటల్ పాఠశాలను పెట్టించారు. 1922లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం దీన్ని డిగ్రీ చదువుగా మొదలుపెట్టి, గృహవిజ్ఞానం నీడలో కూర్చోబెట్టింది. అంటే వచ్చినవాళ్ళకు వండిపెట్టి, పక్కలు వేసి, వెళ్ళేటప్పుడు గుమ్మం దాకా సాగనంపే పనికి ఇళ్ళలో తరతరాలుగా జీతమూ లేదు, పేరూ లేదు. దానికి పట్టా పుట్టిన మరుక్షణం అది మేనేజ్‌మెంట్ అయింది.

కాలేజీ గోడల మీద పటాలు కట్టించుకునే అర్హత ఉన్న మహానుభావుల గురించి మాత్రం విద్యార్థులకు మరీ వివరంగా చెప్పకపోవడం మంచిది. 1898లో పారిస్‌లో తన పేరిట హోటలు తెరిచిన సెజార్ రిట్జ్, ఒక స్విస్ రైతు ఇంట పదమూడో సంతానం. ఈ వృత్తికి కావలసిన చురుకు నీలో లేదని తొలి యజమానే ఆయన్ను పంపించేశాడని కథగా చెప్పుకుంటారు. ఆయన సహచరుడు, వంటల దిట్ట ఓగుస్త్ ఎస్కోఫియే పదమూడో ఏట మేనమామో, పినతండ్రో, ఎవరైతేనేం, బంధువు వంటగదిలో గిన్నెల దగ్గర చేరాడు. గదిగదికీ సొంత స్నానాలగది అని చాటి 1908లో బఫెలోలో హోటలు కట్టిన ఎల్స్‌వర్త్ స్టాట్లర్ కూడా పదమూడేళ్ళకే సామాన్లు మోసే బెల్‌బాయ్. కార్నెల్ విద్యార్థులు పని నేర్చుకునే హోటలుకు నేడు ఆయన పేరే ఉంది. పదమూడో ఏట పనిలో చేరితే హోటలుకు మన పేరు పెడతారు, పద్దెనిమిదో ఏట డిగ్రీలో చేరితే హోటలువాళ్ళు మన చొక్కాకు పేరుబిళ్ళ పెడతారు. ఈ తేడాను పురోగతి అనే అనాలి.

ఇక చదువులోకి వద్దాం. డిగ్రీ పేరులో మేనేజ్‌మెంట్ అనే మాట ఉంది కాబట్టి, చేరిన విద్యార్థి మొదటి రోజునుంచే దేన్నో మేనేజ్ చెయ్యబోతున్నానని ఆశపడటం సహజం. హౌస్‌కీపింగ్ ప్రాక్టికల్‌లో మొదటి రోజున అతని చేతికి అందేది ఒక బకెట్టు, రంగురంగుల తుడుపుగుడ్డలు. ఏ రంగు గుడ్డ వాష్‌బేసిన్‌కు, ఏ రంగు గుడ్డ టాయ్‌లెట్‌కు అన్నది ప్రాణం పోయినా మరచిపోకూడదు. ఒక సెమిస్టరు గడిచేసరికి విద్యార్థికి వచ్చే పరిపాలనానుభవం ఆ గుడ్డల మీదే.

తరువాత పక్క సర్దడం. దుప్పటి అంచును పరుపు కిందికి తోసి, మిగిలిన చెంగును నలభై అయిదు డిగ్రీల కోణంలో పైకి మడిచి, కిందిభాగం దోపి, మడతను కిందికి దించి మళ్ళీ బిగించి దోపితే మైటర్ మూల తయారవుతుంది. నాకు తెలిసిన ఒక కుర్రవాడు సెలవులకు ఇంటికి వెళ్ళిన మొదటి రాత్రే, చదువు వృథా పోవడం లేదని నిరూపించడానికి తండ్రి మంచాన్ని నాలుగు మూలలా ఇలా బిగించాడు. ఆయన దుప్పటి కింద కాళ్ళు పెట్టడానికి ఒకటికి రెండుసార్లు ప్రయత్నించి, చివరికి కవరులో ఉత్తరం దూర్చినట్లు తలగడ వైపు నుంచి జారి, పాదాలు నిలబెట్టడానికి చోటు లేక పక్కకు తిప్పి పడుకుని, "ఇంతకీ దీన్ని విప్పడం ఏ సంవత్సరంలో నేర్పుతార్రా?" అని అడిగారట. కొడుకు వెంటనే రెండు చేతులూ ముందు కట్టుకుని, జరిగిన అసౌకర్యానికి క్షమాపణ చెప్పాడు. ఆ క్షమాపణ విన్నాకే, ఖర్చు పెట్టిన డబ్బు ఎక్కడికి పోయిందో ఆయనకు అర్థమైంది.

ఎందుకంటే ఈ చదువులో అసలు సరుకు దుప్పటి కాదు, ముఖం. దీనికి కొలతలు ఉన్నాయి. అతిథి పది అడుగుల దూరంలో ఉండగా కళ్ళు కలిపి చిరునవ్వు నవ్వాలి, అయిదు అడుగులకు రాగానే నోరు తెరిచి పలకరించాలి. దీన్నే టెన్ ఫైవ్ రూల్ అంటారు. మధ్యలోని అయిదు అడుగుల్లో ఏం చెయ్యాలో పాఠం చెప్పదు. పొడవాటి కారిడార్‌లో, కుంటుతూ నెమ్మదిగా వస్తున్న అతిథి ఎదురైనప్పుడు ఆ అయిదు అడుగులు దాటేసరికి ట్రైనీ బుగ్గలు నొప్పిపుట్టి, నవ్వు కాస్తా పంటినొప్పిలా మారడం నేను కళ్ళారా చూశాను. పరిశోధన జరగవలసిన ప్రాంతం ఇదే. పీహెచ్‌డీ చెయ్యదలచినవాళ్ళు గమనించాలి.

ఆర్లీ హోక్‌షీల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త 1983లో విమాన పరిచారికల పని గురించి పుస్తకం రాస్తూ, జీతం కోసం మనసును కూడా పనిలో పెట్టే ఈ శ్రమకు భావోద్వేగ శ్రమ అని పేరు పెట్టారు. పెదవులతో మాత్రమే నవ్వితే అది పైపై నటన, నిజంగానే సంతోషంగా ఉన్నానని తనను తానే నమ్మించుకుని నవ్వితే అది లోపలి నటన అని విడదీశారు. దీనివల్ల మనిషికి తన నవ్వు తనదో యజమానిదో తెలియకుండా పోతుందని ఆమె హెచ్చరికగానే రాశారు. పాఠ్యప్రణాళికలు మాత్రం ఆ హెచ్చరికను కోర్సు ముగిసేనాటికి విద్యార్థి సాధించవలసిన లక్ష్యంగా చదువుకున్నట్లు కనిపిస్తుంది.

ఈ లక్ష్యసాధన కోసం ఫ్రంట్ ఆఫీస్ ల్యాబ్ అనే గది ఉంటుంది. అందులో ఒక ఉత్తుత్తి కౌంటరు, ఎక్కడికీ మోగని ఫోను, ఏ గదినీ తెరవని తాళాలు ఉంటాయి. ఒక విద్యార్థి కౌంటరు వెనక నిలబడతాడు, మరొకడు కోపంగా ఉన్న అతిథి వేషం కడతాడు. ఫిర్యాదు వచ్చినప్పుడు పూర్తిగా వినాలి, క్షమాపణ చెప్పాలి, పరిష్కరించాలి, చివరగా కృతజ్ఞతలు తెలపాలి. అతిథి వేషంలో ఉన్నవాడు నిన్న రాత్రి తన చార్జరు తీసుకుని ఎదుటివాడు తిరిగి ఇవ్వని కక్షనంతా, లేని గదిలోని పాడైన ఏసీ మీద వెళ్ళగక్కుతాడు. కౌంటరు వెనకవాడు ఆ తిట్లన్నీ తనకే తగులుతున్నాయని తెలిసి కూడా, తమరి అభిప్రాయం మాకు చాలా విలువైనదని విన్నవించుకుంటాడు. అధ్యాపకులు ఇద్దరికీ మార్కులు వేస్తారు. తిట్టినవాడికే సాధారణంగా ఎక్కువ వస్తాయి, అతనిలో సహజత్వం ఉంటుంది కనుక.

మర్యాద ఇలా మార్కులకు లొంగుతుందా అని సందేహించేవాళ్ళు సర్వ్‌క్వాల్ అనే కొలబద్ద గురించి తెలుసుకోవాలి. ముగ్గురు ఆచార్యులు 1988లో అచ్చువేసిన ఈ పద్ధతిలో సేవానాణ్యతను అయిదు భాగాలు చేశారు. వాటిలో సహానుభూతి ఒకటి. ఇరవై రెండు వాక్యాలు ఇచ్చి, ఆశించినదానికి ఒకసారి, పొందినదానికి ఒకసారి ఒక్కొక్కదానికి ఒకటి నుంచి ఏడు దాకా అంకె వేయమంటారు. మీరు పొందిన దానిలోంచి మీరు ఆశించినదాన్ని తీసేస్తే మిగిలేది నాణ్యత. అంటే మీ పట్ల ఒక మనిషికి కలిగిన సహానుభూతి మైనస్ సున్నా పాయింటు నాలుగు అని దశాంశంతో సహా చెప్పవచ్చు. ఈ లెక్కలో ఒక చమత్కారం ఉంది: సేవ ఏమాత్రం బాగుపడకపోయినా, అవతలివాడి ఆశలు తగ్గిస్తే నాణ్యత దానంతటదే పెరుగుతుంది. ఈ రహస్యాన్ని క్షుణ్ణంగా గ్రహించి ఆచరణలో పెట్టిన సంస్థ, నేను చూసినంతలో, కాలేజీ హాస్టలు మెస్సు.

మూడో సంవత్సరం వచ్చేసరికి అతిథి పూర్తిగా అంకెల్లోకి దిగిపోతాడు. ఈ రాత్రి అమ్ముడుపోని గదిని రేపటికి దాచుకోలేం కాబట్టి, విమానాలవాళ్ళ దగ్గర నేర్చుకున్న పద్ధతిలో ఒకే గదిని సోమవారం ఒక ధరకూ శుక్రవారం మరో ధరకూ అమ్మడాన్ని రెవెన్యూ మేనేజ్‌మెంట్ అంటారు. గది సగటు ధరను గదులు నిండిన శాతంతో గుణిస్తే రెవ్‌పార్, అంటే హోటల్లో ఉన్న ఒక్కో గదికి సగటున వచ్చిన రాబడి, వస్తుంది. ఉదయం పూట మేనేజరు ముఖకవళికలను నిర్ణయించేది ఈ అంకే. బుక్ చేసుకున్నవాళ్ళలో కొందరు ఎటూ రారని లెక్కగట్టి, నూరు గదులున్న హోటలు నూట అయిదుగురికి మాట ఇస్తుంది. ఇంట్లో చేస్తే దీన్ని మాట తప్పడం అంటారు, పరీక్షలో రాస్తే ఓవర్‌బుకింగ్ అంటారు. ఏ రాత్రైనా నూట అయిదుగురూ నిజాయితీగా దిగిపోతే, మిగిలిన అయిదుగురిని మరో హోటలుకు పంపించడాన్ని ఈ వృత్తిలో వాక్ చెయ్యడం అంటారు. తిథి లేకుండా వచ్చినవాడు వాకిన్, తిథి ఉండి వచ్చినవాడికి వాక్. భాష విషయంలో ఈ శాస్త్రానికి ఎంత సమదృష్టి ఉందో చూడండి.

వంటగది గురించి ఎక్కువ చెప్పను; సైన్యంలో వంట చేసివచ్చిన ఎస్కోఫియే దాన్ని సైన్యంలాగే అమర్చి బ్రిగేడ్ అన్నాడు, అప్పటినుంచి అక్కడ ఎవరు ఏమడిగినా జవాబు ఒకటే, "ఎస్ షెఫ్". మిగతా సాస్‌లకు మూలమైన అయిదు తల్లి సాస్‌ల పేర్లు వల్లించిన విద్యార్థి ట్రైనింగ్‌కు వెళ్ళి ఆరు వారాల పాటు ఉల్లిపాయలు మాత్రమే తరిగివస్తాడు. ఉల్లిపాయల దగ్గర కన్నీళ్ళు పెట్టుకోవచ్చు, ఎవరూ కారణం అడగరు. ఆ సౌకర్యం ఫ్రంట్ ఆఫీసులో లేదు.

ఈ విధంగా ముఖం, నడుము, పాదాలు, నిద్రవేళలు అన్నీ చక్కగా మేనేజ్ అయిన తరువాత విద్యార్థికి మేనేజ్‌మెంట్ పట్టా ఇస్తారు. అలాంటి ఒక స్నాతకోత్సవానికి నేను వెళ్ళాను. నల్ల గౌన్లు వేసుకున్న పట్టభద్రులు వేదిక ఎక్కుతూ, ముఖ్య అతిథికి పది అడుగుల దూరంలో ఒకే కొలతలో నవ్వారు, అయిదు అడుగుల దగ్గర ఒకే స్వరంతో నమస్కరించారు. తరువాత భోజనాలు. వడ్డించేది మొదటి సంవత్సరం పిల్లలు, అదే వాళ్ళ ప్రాక్టికల్. నా పక్కన కూర్చున్న పట్టభద్రుడు మూడేళ్ళ తరువాత తొలిసారి కూర్చుని వడ్డింపించుకుంటున్నాడు కాబోలు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రుమాలు మడతలు సవరిస్తూ ఉన్నాడు. భోజనం అయ్యింది. బక్కపలచని కుర్రవాడు ఒకడు వచ్చి, వణుకుతున్న చేతిని చాచి, ఎడమవైపు నుంచి ప్లేటు తీయబోయాడు. పట్టభద్రుడు వెన్ను నిటారుగా చేసుకున్నాడు, చిరునవ్వు నవ్వాడు, మెల్లగా అన్నాడు:

"కుడివైపు నుంచి, బాబూ."