ముందు అన్నం చూడండి

మన పాట్‌లక్‌లో జపాన్ వాళ్ల సుషీ మాట ఎత్తితే చాలు, "పచ్చి చేప ఎలా తింటారండీ బాబూ" అని ఒకరు, "అంత డబ్బు పోసి తిన్నా ఇంటికొచ్చి పెరుగన్నం కలుపుకోవాల్సిందే" అని ఇంకొకరు. సరదాపడి వెళ్లినవాళ్లేమో సోయా సాస్‌లో వసాబీ అనే ఘాటైన పచ్చ ముద్దంతా కలిపేసి, సాంబార్లో ఇడ్లీ ముంచినట్టు ముంచి, పైన శ్రీరాచా మిరప సాస్ అడుగుతారు. చాలా ఏళ్లు నేనూ ఈ మూడో బాపతే.

మనం రెండు పూటలా అన్నం తిని పెరిగినవాళ్లం. కొత్త బియ్యమో పాత బియ్యమో ముద్ద నోట్లో పెట్టుకోగానే చెప్పేస్తాం. అలాంటిది సుషీ హోటల్‌కెళ్లి అన్నం గురించి ఒక్క ముక్క మాట్లాడం, చేప గురించే వాదించుకుని వచ్చేస్తాం. అసలు సుషీ అంటేనే వెనిగర్ పట్టించిన అన్నం. చేప లేకపోయినా అది సుషీయే. అన్నం లేకుండా ఉత్త చేపముక్కలు పెడితే దాని పేరు సషిమి.

ఆ అన్నం కలపడం చూస్తే మనకి పులిహోరే గుర్తొస్తుంది. వేడన్నాన్ని వెడల్పాటి చెక్క తొట్టిలో గుమ్మరించి, పంచదార, ఉప్పు కరిగించిన వెనిగర్ చల్లి, చెక్క గరిటెతో మెతుకు నలగకుండా కోసినట్టు కలుపుతారు. పక్కనే విసనకర్రతో విసురుతారు. పసుపూ పోపూ లేవంతే. మనకి మెతుకు మెతుకూ విడివడాలి. వాళ్లకి చేతిలో పట్టి ఉండాలి, నోట్లో విడిపోవాలి. అందుకే పొట్టి గింజ బియ్యం. సోనా మసూరితో ప్రయత్నించి నేను భంగపడ్డాను.

మొదట్లో అన్నానికి ఈ మర్యాద లేదు. ఉప్పు పట్టించిన చేపని అన్నంలో కుక్కి నెలల తరబడి ఊరబెట్టి, తినేటప్పుడు అన్నం తీసి పారేసేవారు. జపాన్‌లోని బీవా సరస్సు ప్రాంతంలో ఫునాజుషి పేరుతో ఆ పాత పద్ధతి ఇంకా ఉంది. ఊరబెట్టే కాలం తగ్గాకే అన్నం పొట్టలోకి చేరింది. పులుపు కోసం ఆగకుండా వెనిగర్ కలపడం ఆ తర్వాత వచ్చింది. 1820ల్లో ఎదోలో, అంటే ఇప్పటి టోక్యోలో, హనాయా యోహే లాంటివాళ్లు అన్నం చేత్తో ఒత్తి చేపముక్క పెట్టి అమ్మేవారు. మన మిరపకాయ బజ్జీ బండి లాంటి వ్యవహారం. కాబట్టి చాప్‌స్టిక్స్ రావని టెన్షన్ పడక్కర్లేదు, చేత్తోనే తినండి. సాస్‌లో మాత్రం చేప వైపు అద్దండి. అన్నం వైపు ముంచితే పీల్చుకుని విడిపోతుంది.

వంటవాళ్లు ఆ అన్నాన్ని 'షారి' అంటారు. బుద్ధుడి ధాతువులకు, అంటే ఆయన అస్థికలకు, వాడే మాటే ఇది. తెల్లటి మెతుకులు అలా కనిపిస్తాయని ఆ పేరు పెట్టారంటారు. దాని మూలం సంస్కృతంలోని 'శరీరం'. ధాతుపేటికలు దొరికిన భట్టిప్రోలు మా ఊరికి దగ్గరే. ఈ సంగతి తెలిసిన రోజున కాస్త గర్వపడ్డానని ఒప్పుకుంటాను.

పోయిన వేసవిలో అమ్మ వచ్చినప్పుడు కౌంటర్ ముందు కూర్చోబెట్టాను. అమ్మ శాకాహారి. మొదటి ముక్కకే "అన్నం చల్లారిపోయిందిరా" అంది. ఒంటి వేడి మీదే ఉండాలమ్మా అని చెప్పాను, నమ్మలేదు. తర్వాత గోధుమరంగు కూరుతో సన్నటి రోల్ ఒకటి వచ్చింది. నెమ్మదిగా నమిలి, "ఒరేయ్, ఇది సొరకాయ కదరా!" అంది. నిజంగా సొరకాయే. గుండ్రటి కాయని రిబ్బన్లలా చెక్కి, ఎండబెట్టి, సోయా సాస్, పంచదారలో ఉడికిస్తారు. కాన్‌ప్యో అంటారు. జపాన్‌లో అది దాదాపు అంతా తోచిగి అనే ప్రాంతంలోనే తయారవుతుంది.

అదే పూట ఒక పొరపాటూ జరిగింది. మిసో సూప్ వెజ్ అని వడ్డించే అమ్మాయి చెప్పింది. అమ్మ రెండు గుక్కలు తాగాక, అందులో ఎండు చేప పొరలు వేసి కాచిన దాషి ఉందని కౌంటర్ వెనకాయన చెప్పాడు. కాన్‌ప్యో ఉడికించేటప్పుడూ కొందరు పోస్తారట, ఆయన పొయ్యలేదు. కాబట్టి "వెజ్ ఆ?" అని అడిగితే చాలదు, "దాషి వేశారా?" అని అడగాలి.

ఇంటికొచ్చి అమ్మ మాటామంతీ లేకుండా తలస్నానం చేసింది. వారం తిరక్కుండా ఇండియన్ స్టోర్ నుంచి రెండు సొరకాయలు తెప్పించి, పొడుగ్గా చెక్కి, డెక్ మీద పాత చీర పరిచి ఎండబెట్టింది. మూడో రోజుకి సగం ఉడతలు ఎత్తుకుపోయాయి. మిగతా సగం పులుసులో వేసింది.