బడి హాలులో గంతలాట

సెలవులు దగ్గరపడేసరికి ‘మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్’ (మధ్య మెదడును మేల్కొలిపి, కళ్లు మూసుకునే చదివేలా చేస్తామనే శిక్షణ) కరపత్రాలు మళ్లీ పిల్లల పుస్తకాల సంచుల్లోంచి ఇళ్లకు చేరుతున్నాయి. 5 నుంచి 15 ఏళ్ల వారికి రెండు రోజుల శిక్షణ, వేలల్లో ఫీజు, చివర్లో కళ్లకు గంతలతో చదివే ప్రదర్శన. ఈ వ్యాపారులు కొత్తవారు కారు. వారికి హాలు ఇస్తున్నది బడే కావడం మాకు మింగుడుపడటం లేదు. బడి గుమ్మం దాటి వచ్చిన మాటను తల్లిదండ్రులు నమ్ముతారు. ఆ నమ్మకాన్నే అద్దెకిస్తున్నారు.

మధ్య మెదడును ఎవరూ తట్టి లేపనక్కర్లేదు. వెలుగు పడితే కంటిపాప కుదించుకోవడం, చప్పుడైతే తల అటు తిరగడం దాని పనులే. పసికందులోనూ అది పనిచేస్తూనే ఉంటుంది. ఇక గంతల కిటుకు మరీ చిన్నది. ముక్కు పక్కన గంతకూ బుగ్గకూ నడుమ సందు మిగులుతుంది. పిల్లలు గడ్డం కాస్త ఎత్తి, ఆ సందులోంచి కిందికి చూస్తారు. తల ఎత్తనివ్వకుండా కార్డును నుదుటి ఎత్తులో పట్టండి, లేదా గడ్డం కింద అట్ట అడ్డం పెట్టండి. చదువు ఆగిపోతుంది. పిల్లలకు ఇక్కడ అబ్బుతున్న విద్య అబద్ధమాడటం, అదీ అమ్మానాన్నల ముందు.

మెదడు ఎదుగుదల గురించి అసలు శాస్త్రం ఏం చెప్పింది? బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మెదడు శాస్త్రవేత్త మేరియన్ డైమండ్ టోపీ పెట్టెలోంచి మనిషి మెదడును తీసి చూపిస్తూ పాఠం చెప్పేవారు. 1964లో ఆమె బృందం ప్రచురించిన ప్రయోగంలో కొన్ని ఎలుకలను పెద్ద బోనులో గుంపుగా ఉంచి, ఆటవస్తువులు మారుస్తూ 80 రోజులు పెంచారు. ఒంటరి బోనుల్లోని ఎలుకలకన్నా వాటి మెదడు పైపొర మందమైంది. తేడా కొద్ది శాతమే. తర్వాత ముసలి ఎలుకల్లోనూ ఆమె ఈ మార్పును చూశారు. ఎలుకలతో చేసిన ఆ ప్రయోగమే 80 రోజులు సాగింది, వయసు గడువేమీ లేదని తేలింది. రెండు రోజుల్లో, పదిహేనేళ్లలోపే అన్న బెదిరింపు ఎక్కడి నుంచి వచ్చినట్టు?

పిల్లల్లో ఏకాగ్రత పెరిగిందని కొందరు తల్లిదండ్రులు అంటున్నారు. కావచ్చు. దానికి గంతలెందుకు?

శాస్త్రీయ దృక్పథాన్ని రాజ్యాంగంలోని 51ఎ(హెచ్) పౌరుడి విధిగా చెప్పింది. ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవం జరిపిన హాలునే ఏప్రిల్‌లో గంతలాటకు అప్పగించే యాజమాన్యాలకు ఆ విధి వర్తించదా? ఈ ఏడాది దీన్ని సాగనిస్తే, వచ్చే ఏడాది వేలిముద్రలు చూసి తెలివి కొలుస్తామనేవారికీ అదే తాళంచెవి దొరుకుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు బడి ఆవరణలో ఈ శిక్షణలను వెంటనే నిషేధించాలి, వసూలైన ఫీజు వెనక్కి ఇప్పించాలి. ఒక్క కార్డు పట్టి చూస్తే బయటపడే మోసాన్ని చూడనైనా చూడకుండా తాళం చేతికిచ్చిన హెడ్మాస్టర్లు తల్లిదండ్రులకు సంజాయిషీ ఇవ్వాలి.