దేవుడు ఎన్ని ఫీట్ల లోతున ఉన్నాడు?

దేవుడు ఉన్నాడా లేడా అనే ఫైలు కనీసం రెండున్నర వేల ఏళ్లుగా పెండింగులో ఉంది. దాన్ని కాశీ పండితులకూ యూరప్ తత్వవేత్తలకూ వదిలేయడం వల్లే ఇంత ఆలస్యమైందని నా అభిప్రాయం. నల్గొండ గడియారం సెంటర్‌లో మేం చాయ్ తాగే బెంచీకి పంపి ఉంటే, తీర్పు రాకపోయినా రోజూ విచారణైనా జరిగేది.

మా దగ్గర వాదులు ఇద్దరే. రిటైరైన లెక్కల సారు నాస్తికుడు. బత్తాయిల వ్యాపారం చేసే సేటు ఆస్తికుడు. స్వాతి నక్షత్రం వస్తే యాదగిరిగుట్టకు, అమావాస్య వస్తే చెరువుగట్టుకు పోయే మనిషి. మిగిలినవాళ్లం జ్యూరీ. చాయ్ పైసలు ఎవరిస్తే ఆ పూటకు వాళ్ల సిద్ధాంతం బలంగా కనిపిస్తుంది మాకు.

దారిలో గడియారం దొరికితే దాన్ని చేసినవాడు ఒకడున్నాడని ఒప్పుకుంటాం కదా, మరి ఇంత సృష్టికి కర్త లేడంటారా అని 1802లో విలియం పేలీ అనే ఇంగ్లండు పాదిరీ అడిగాడు. సేటు పేలీని చదవలేదు. గడియారం సెంటర్‌లో పెరిగినవాడికి చదవాల్సిన పనేముంది? వేలు పైకి చూపించాడు.

"అది దానంతటదే మొలిచిందా సార్?"

"ఒక్కడు చేసింది కాదు సేటూ. కట్టినోడు ఒకడు, ముల్లు పెట్టినోడు ఒకడు, బిల్లు రాసినోడు ఇంకొకడు. అట్ల పోతే నీ దేవుళ్ల లెక్క ఎక్కడ ఆగాలె?"

సరిగ్గా ఈ అభ్యంతరాన్నే స్కాట్లండు తత్వవేత్త హ్యూమ్ లేవనెత్తాడు. ఆయన చనిపోయాక 1779లో అది అచ్చయింది. అది విని యూరప్ ఎంత తల పట్టుకుందో గానీ, సేటు మాత్రం చెక్కు చెదరలేదు. "ఎందుకు ఆగాలె? ముప్పై మూడు కోట్లు మాకేం బరువా?" కుండ ఉందంటే కుమ్మరి ఉండాలని మన నైయాయికులు, అంటే న్యాయ దర్శనం తార్కికులు, పేలీ కంటే ఎంతో ముందే వాదించారని నేను చెప్పలేదు. చెబితే సేటు పాదిరీ మీద కాపీ కేసు వేసేవాడు.

ఒక ఆదివారం స్థల పరిశీలనకు పానగల్లు వెళ్లాం. అక్కడి ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక పగలంతా కదలని స్తంభం నీడ ఉంటుంది. సేటు మహిమ అన్నాడు. సారు నాలుగు అగ్గిపెట్టెలు నిలబెట్టి, వెలుతురు స్తంభాల మధ్య ఎలా చెదిరి లోపల పడుతుందో గంటన్నర చెప్పారు. కుందూరు చోళుల కాలంలో ఆ లెక్క కట్టి రాళ్లు నిలిపిన శిల్పి ఎవరని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. కర్త ఖాయంగా ఉన్న కేసు వాళ్లకు రుచించదు.

సృష్టిలో లోపం లేదని సేటు అన్నరోజు సారు మాట్లాడకుండా మంచినీళ్ల గ్లాసు ముందుకు జరిపారు. తాగే నీళ్లలో లీటరుకు ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదు. మర్రిగూడ, మునుగోడు వైపు ఆ హద్దు దాటిన నీళ్లు తాగి చిన్నప్పుడే కాళ్లు వంకరపోయిన వాళ్లను మేమందరం చూశాం. పటిక, సున్నం వేసి ఆ ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నల్గొండ టెక్నిక్ అంటారు. మా ఊరి పేరు శాస్త్ర గ్రంథాల్లోకి ఎక్కింది ఈ పుణ్యానే. సేటు జవాబు చెప్పలేదు, ఇంకో చాయ్ చెప్పాడు. సారు కూడా గెలిచినట్టు మొహం పెట్టలేదు.

ఇన్నేళ్లు విన్నాక నేనొక సిద్ధాంతం కనిపెట్టాను. మా జిల్లాలో భక్తి నీటి వనరును బట్టి ఉంటుంది. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాల్వ కింది రైతు నీళ్లెప్పుడని ఇంజనీరును అడుగుతాడు. బోరును నమ్ముకున్నవాడు ఎవరిని అడగాలి? సాగర్‌కు పేరైన ఆచార్య నాగార్జునుడు ఉంది, లేదు, ఉందీ లేదూ, రెండూ కాదు అనే నాలుగు కొసల్లో దేన్నీ పట్టుకోవద్దన్నాడు. ఆయన బోరు వేయించలేదు కాబట్టి అంత నిబ్బరంగా చెప్పగలిగాడు.

సారుకూ సేటుకూ పక్కపక్కనే బత్తాయి తోటలున్నాయి. పోయిన ఎండాకాలం రెండూ ఎండుముఖం పట్టాయి. సేటు గుట్టకు మొక్కుకుని, ఎందుకైనా మంచిదని మిషనుతో పాయింటు చూసే జియాలజిస్టును పిలిపించాడు. "దేవుడు మిషన్‌ల కూడ ఉంటడు సార్" అన్నాడు. సారు గట్టు మీద అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తూ నా కంట పడ్డారు. కాయ లేచి నిలబడిన చోట నీళ్లు ఉంటాయంటారు.

"ఇది నమ్మకం కాదు, ప్రయోగం" అన్నారు నేను అడగకముందే. "కాయకు పోయేది ముప్పై రూపాయలు. తగిలితే తోట బతుకుతది." దేవుడి మీద పందెం కాస్తే పోయేది తక్కువ, వచ్చేది అనంతం అని 17వ శతాబ్దంలో పాస్కల్ వేసిన లెక్క కూడా ఇలాంటిదే. ఆయనా లెక్కల మనిషే.

కాయ నిలబడింది. బోరు బండి వచ్చింది. సారుకు ఆరు వందల ఫీట్లు దుమ్ము. సేటుకు ఏడు వందలు, అదీ దుమ్మే. సేటుకు వంద ఫీట్లు ఎక్కువ పడటం దేవుడి పరీక్షా, లేక డ్రైవరు మాట వినడమా అని బెంచీ మీద రెండు రోజులు నడిచింది.

అదే బండి వెనక్కి మళ్లుతుంటే, గట్టు అవతలి చెలక రైతు ఆపాడు. పాయింటు చూపించలేదు, కాయ పట్టలేదు. "ఇగో, బండి తిరగనీకి జాగ ఉన్నది, ఈడనే ఎయ్యుండ్రి" అన్నాడు. నూట ఎనభై ఫీట్లకే రెండున్నర ఇంచుల నీళ్లు పడ్డాయి.

మర్నాడు పొద్దున సారూ సేటూ ఒకే బండి మీద ఆయన ఇంటికి వెళ్లారు. నువ్వు దేవుణ్ణి నమ్ముతావా అని అడగలేదు. మా తోటల దాకా పైపు ఎన్ని ఫీట్లు పడుతుందని అడిగారు.