పౌర్ణమి నాటి తాళ్లు ఆదివారం ఏమవుతున్నాయి?

బాపట్ల తీరంలో ఎవరైనా మునిగిపోతే ఆ తర్వాత జరిగే తంతు విజయవాడ, గుంటూరు పాఠకులకు కంఠతా వచ్చు. సాయంత్రం వార్త, రాత్రంతా గాలింపు, మర్నాడు నాయకుల సంతాపం, ఆ వెంటనే సందర్శకులకు ప్రవేశం లేదంటూ ఆదేశం. దారిలో బారికేడ్లు పెడతారు, కొన్నాళ్లకు వాటిని పక్కకు జరుపుతారు. 2022 అక్టోబరులో సూర్యలంకలో విజయవాడ విద్యార్థులు కెరటాలకు బలైనప్పుడూ, 2024 జూన్‌లో రామాపురంలో ఏలూరు జిల్లా యువకులు మునిగిపోయినప్పుడూ జనం ఆగ్రహించారు, అధికారులు హడావుడి చేశారు. రామాపురం ఘటన తర్వాత తీరాలను కొన్నాళ్లు మూసేశారు కూడా. మళ్లీ తెరిచేనాటికి ఒడ్డున కొత్తగా వచ్చి చేరిన రక్షణ ఎంత?

కుర్రాళ్లు తాగి దిగుతారు, చెబితే వినరు, ఇంత పొడవైన తీరానికి కాపలా ఎక్కడి నుంచి తెస్తామని అధికారులు అంటారు. అందులో కొంత నిజం ఉంది. అయితే తీరం మొత్తానికి కాపలా పెట్టమని ఎవరూ అడగడం లేదు. జనం స్నానాలకు దిగేది సూర్యలంక, వాడరేవు, రామాపురం, మంగినపూడి, హంసలదీవి వంటి వేళ్ల మీద లెక్కించదగిన చోట్లే. అక్కడ ఏం చేయాలో యంత్రాంగానికి తెలియదా అంటే, భేషుగ్గా తెలుసు. ఏటా చేసి చూపిస్తూనే ఉంది.

కార్తీక పౌర్ణమి నాడు సూర్యలంక వెళ్లి చూడండి. నీళ్లలో రాటలు పాతి తాళ్లు కడతారు. తాడు దాటబోయిన వాడిని భుజం పట్టి వెనక్కి లాగుతారు. మత్స్యకారుల పడవలు అలల అవతల నిలబడి ఉంటాయి. గజ ఈతగాళ్లు ట్యూబులతో సిద్ధంగా ఉంటారు. మైకు పట్టిన కానిస్టేబుల్ గొంతు పోయేదాకా అరుస్తూనే ఉంటాడు. అంబులెన్సు ఇసుక అంచున ఆగి ఉంటుంది. వేల మంది స్నానాలు చేసి క్షేమంగా ఇళ్లకు చేరతారు. పర్వం ముగియగానే తాళ్లు విప్పేస్తారు, పడవలు వేటకు పోతాయి, మైకు మూగబోతుంది. ఆ తర్వాతి ఆదివారమే వనభోజనాలకని కాలేజీ పిల్లలు వచ్చి అవే నీళ్లలో దిగుతారు. పున్నమి నాటి భక్తుడి ప్రాణానికి ఉన్న విలువ ఆదివారం వచ్చిన విద్యార్థి ప్రాణానికి లేదా?

సముద్రం ముహూర్తం చూసుకుని లాగదు. ఒడ్డుకు కొట్టిన నీరు వెనక్కి వెళ్లాలి కదా, ఇసుక తిన్నెల మధ్య లోతుగా ఉన్న చాలు వెంట అది ఒక్కసారిగా లోపలికి పరుగెడుతుంది. దీన్నే రిప్ కరెంట్ అంటారు. అటూ ఇటూ అలలు నురగలు కక్కుతుంటే ఆ చాలు ఉన్న మేర మాత్రం అల విరగదు. నీరు కాస్త ముదురు రంగులో, చూడటానికి ప్రశాంతంగా ఉంటుంది. ఈత రాని వాడు పిల్లలను తీసుకుని ఏరికోరి అక్కడే దిగుతాడు. ఉధృతంగా ఉన్నప్పుడు ఆ ప్రవాహం సెకనుకు రెండు మీటర్లకు పైగా సాగుతుంది. ఒలింపిక్ ఈతగాడు కూడా దానికి ఎదురీదలేడు. అది మనిషిని అడుగుకు ముంచదు, దూరంగా మోసుకుపోతుంది, అంతే. మునిగేది ఎదురీది అలిసిపోయిన వాళ్లు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి సాయం కోరాలి, ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా ఈది ఆ చాలు దాటాలి. ఈ రెండు ముక్కలు తెలుగులో రాసి, ఆ రోజు ఎక్కడ దిగకూడదో చూపిస్తూ ఎర్రజెండా పాతడానికి ఎంత ఖర్చవుతుంది? ఎత్తైన అలల గురించి హెచ్చరించే జాతీయ సంస్థ ఇన్‌కాయిస్ పక్కనే హైదరాబాద్‌లో ఉంది. ఆ హెచ్చరికను ఒడ్డున నిలబడిన కుటుంబానికి చేరవేసే మనిషే లేడు.

మనిషి లేకపోవడం వల్లే చావులు జంటలుగా, గుంపులుగా వస్తున్నాయి. ఒకడు కొట్టుకుపోతుంటే మిత్రుడు దూకుతాడు, అతని కోసం అన్న దూకుతాడు. దూకకుండా ట్యూబు, తాడు, ఖాళీ నీళ్ల క్యాను, ఏది చేతికందితే అది విసరాలని చెప్పేవాడు ఉండాలి. ఒడ్డుకు చేర్చాక పొట్ట మీద నొక్కి నీళ్లు కక్కించాలని చూస్తారు. అది పొరపాటు. శ్వాస ఆగితే ముందు నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి, గుండె ఆగితే ఛాతీ నొక్కాలి. నిమిషాల్లో జరగాల్సిన పని ఇది. గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు స్పందన దళం బెటాలియన్ ఉన్నా, అక్కడి నుంచి బోటు చేరేసరికి మిగిలేది గాలింపే. ఆ దళమే తీరగ్రామాల యువకులకు శిక్షణ ఇవ్వవచ్చు. గోవా 2008 నుంచి ఒక ప్రైవేటు సంస్థ ద్వారా తన తీరాల్లో శిక్షణ పొందిన లైఫ్‌గార్డులను నిలుపుతోంది. మన దగ్గర గజ ఈతగాళ్లను శవాలు వెతకడానికి పిలుస్తాం, నెలజీతం ఇచ్చి ప్రాణాలు కాపాడమని మాత్రం అడగం.

పర్యాటకానికి వచ్చేసరికి ఈ పేదరికం కనిపించదు. 2025 జూన్‌లో మంగినపూడిలో మసులా బీచ్ ఫెస్టివల్ ఘనంగా జరిపారు. సూర్యలంక అభివృద్ధికి ప్రణాళికల మీద ప్రణాళికలు వస్తున్నాయి. జనాన్ని రమ్మని పిలిచేది ప్రభుత్వమే, వచ్చిన వాడు మునిగితే ఎందుకు దిగావని గద్దించేదీ ప్రభుత్వమేనా? 2017 నవంబరులో ఇదే కార్తీకంలో విజయవాడ సమీపాన కృష్ణా నదిలో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయాక గానీ లైఫ్‌జాకెట్లు, అనుమతులు గుర్తుకు రాలేదు. ప్రమాదం తర్వాత కళ్లు తెరవడం, కొన్నాళ్లకు మూసుకోవడం అప్పటి నుంచీ అలవాటుగా స్థిరపడింది.

తల్లిదండ్రులకూ ఒక మాట. మూడు కాలువలు పారే విజయవాడలో ఈత రాని పిల్లలు పెరుగుతున్నారంటే ఆ నేరం ఒక్క ప్రభుత్వానిది కాదు.

ఇక జిల్లా యంత్రాంగాలు సాకులు కట్టిపెట్టాలి. ఈసారి పౌర్ణమి మర్నాడు తీరంలో తాళ్లు విప్పించే అధికారి తన పేరు, హోదా, ఫోన్ నంబరు అక్కడే బోర్డు మీద రాయించి మరీ విప్పించాలి. తర్వాతి ఆదివారం ఏ తల్లయినా ఒడ్డున కూలబడి ఏడుస్తుంటే, ఎవరిని నిలదీయాలో ఆమెకైనా తెలియాలి కదా!