అనుమతి లేకుండా పూసిన మొక్కకు సంజాయిషీ నోటీసు

పరిశోధనకు డబ్బులిచ్చే ఒక సంస్థవారి దరఖాస్తు ఫారం ఈమధ్య నా కంటపడింది. పేరెందుకు లెండి, ఒకటి చూస్తే వంద చూసినట్టే. వాతావరణం మారుతుంటే మొక్కల రూపం ఎలా మారుతోందో చూస్తామనే పీహెచ్‌డీ విద్యార్థులకు ఉదారంగా సాయం చేస్తారట. సంతోషం. కాకపోతే అందులో ఒక గడి ఉంది: ‘నెలవారీ పని ప్రణాళిక, ఆయా నెలల్లో వెలువడే ఫలితాలు.’

ఫలితాలు ముందే తెలిస్తే డబ్బులెందుకు అడుగుతాడని కొంటె ప్రశ్నలు వేయకండి. గడి ఉంది, నింపాలి. కుర్రాడు నింపాడనుకుందాం. మొదటి నెల చిగురు, మూడో నెల మొగ్గ, నాలుగో నెల పూత. పాపం, పాత రికార్డులు చూసి రాశాడు. డబ్బు మంజూరైంది. అంటే, మంజూరైనట్టు ఉత్తరం వచ్చింది. డబ్బు రావడం వేరే విషయం. ఈలోగా మొక్క మూడో నెలలోనే పూసి కూర్చుంది.

ఆ తర్వాత జరిగే మీటింగ్ నా కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది.

“ఎవరినడిగి పూసింది?” అంటారు అధ్యక్షులవారు.

“పూత పద్దు నాలుగో నెలలో ఉందండి. మూడో నెల పూలకు బిల్లు పాస్ చేయలేం” అంటారు లెక్కలాయన.

“పోనీ ఆ పూలు రాలకుండా నెలరోజులు ఆపితే?” అని మధ్యేమార్గం చెబుతారు ఇంకొకాయన. ఆయన ఏ కమిటీలోనైనా ఉంటాడు.

మొక్క నుంచి సంజాయిషీ తీసుకోవాలని తీర్మానం అవుతుంది. సంతకం రాదు కాబట్టి ఆకుముద్ర చాలు, గైడ్ ధ్రువీకరించాలి. వచ్చే ఏడాది షెడ్యూలు ప్రకారమే పూస్తానని హామీపత్రం కూడా జతచేయాలి. అందరూ టీ తాగి లేస్తారు. పూత ముందుకు జరగడమే ఆ కుర్రాడు పరిశోధిస్తానన్న సంగతని ఒక్కరికీ తట్టదు. మినిట్స్‌లో మాత్రం ‘ప్రాజెక్టు అనుకున్న దారిలో లేదు’ అని రాసుకుంటారు.

జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూత తేదీలు వెయ్యేళ్లకు పైగా రాసి ఉన్నాయి. 2021లో మార్చి 26కే చెట్లు నిండుగా పూసి, 1409 నాటి మార్చి 27 రికార్డును దాటేశాయి. మన కమిటీకి చెబితే వాటికీ నోటీసు వెళ్లేది.

ఇంకో గడి, ‘సమాజానికి ప్రయోజనం, 100 పదాల్లో’. ఆకు అంచు చూస్తే ఏమొస్తుందని వారి ధర్మసందేహం. చలి ప్రాంతాల చెట్లలో రంపపు పళ్లలాంటి అంచున్న ఆకులు ఎక్కువ, వెచ్చటి చోట నున్నటి అంచువి ఎక్కువ. దాన్ని పట్టుకునే కోట్ల ఏళ్లనాటి శిలాజ ఆకుల్లోంచి అప్పటి వేడి ఎంతో అంచనా కడుతున్నారు. 1987లో ఇయాన్ వుడ్‌వర్డ్ అనే వృక్షశాస్త్రవేత్త హెర్బేరియంలోని, అంటే ఎండబెట్టిన మొక్కలు దాచే చోటిలోని, ఎండుటాకుల మీద పత్రరంధ్రాలు, అంటే ఆకు గాలి పీల్చే కంటికి కనబడని రంధ్రాలు, లెక్కపెట్టాడు. 200 ఏళ్లలో, గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ, అవి దాదాపు 40 శాతం తగ్గాయని తేలింది. ఆ ఆకులు కోసి, కాగితాల మధ్య నొక్కి, తేదీ వేసి దాచినవాళ్లకు ఈ సంగతి కలలో కూడా తెలీదు. ‘ఫలితం’ గడిలో ఏం రాసేవాళ్లు? ‘ఎండుతుంది’ అని రాసేవాళ్లు.

ఆకును చూసే మైక్రోస్కోపుకు డబ్బిస్తారు. అందులోంచి చూసే మనిషి తిండికి ఇవ్వరు, అది ‘అనుమతించని ఖర్చు’. ప్రయాణం ముందు సొంత జేబులోంచి, వాపసు ఆనక, ఎప్పుడో. సొంత జేబు ఉన్నవాడే అడవికి వెళ్లాలన్నమాట! అప్పిచ్చేవాళ్లు లేని పిల్ల మధ్యలో మానేస్తే ‘ఆసక్తి లోపించింది’ అని రాస్తారు. సిగ్గుండాలి. ఆ పిల్ల కొలవాల్సిన పూత ఈ ఏటిది. వచ్చే ఏడు పదింతలు డబ్బు పోసినా ఈ ఏటి పూతను ఎవరూ కొలవలేరు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారని మనకు సామెత ఉండనే ఉంది. వీళ్లు ఏ ఆకు పట్టుకోవాలో చెప్పగల మనిషిని కూడా ముందే పంపించేస్తున్నారు.

సరే, కోపం పక్కన పెడదాం. మన కుర్రాడికి మొదటి విడత డబ్బు వచ్చింది, ఐదో నెలలో. మొక్కకు కాయలున్నాయి. షరతు ఏమిటంటే, పూలు కొలవడానికి మాత్రమే ఖర్చుపెట్టాలి, నెలాఖరులోగా పెట్టాలి, పూలతో దిగిన ఫొటో జతచేయాలి. ప్లాస్టిక్ పూలైతే బాగుంటుందని నా సలహా. ఎప్పుడు పూయమంటే అప్పుడే పూస్తాయి, ఎంత ఎండ కాసినా రూపం మార్చుకోవు. పైగా రసీదు కూడా ఇస్తారు.