గెలిచేవాడి పక్కన నిలబడ్డాను

2020 ఫిబ్రవరి 3, సోమవారం సాయంత్రం. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో మా పేట బడి జిమ్‌లో, మంచు కరిగి చిత్తడైన నేల మీద, నేను బైడెన్ మూలన నిలబడి ఉన్నాను.

అయోవా డెమోక్రాట్ల కాకస్, అంటే అధ్యక్ష పదవికి తమ పార్టీ అభ్యర్థిని ఎంచుకునే సభ, అప్పట్లో మీట నొక్కి, వేలికి సిరా పూయించుకుని వచ్చేసే వ్యవహారం కాదు. ఎవరి అభ్యర్థి మూలకి వాళ్లు అందరూ చూస్తుండగా వెళ్లి నిలబడాల్సి వచ్చేది. 15 శాతం మంది లేని గుంపు చెల్లేది కాదు. ఆ గుంపువాళ్లు రెండో విడతలో ఇంకోచోట చేరడానికో, చెల్లని మిగతా గుంపుల నుంచి మనుషుల్ని బతిమాలి తెచ్చుకోవడానికో వీలుండేది.

మా ఇంట్లో ఏడాదిగా ఇదే గొడవ. మా ఆవిడకి వారెన్ నచ్చింది. "నచ్చడం సరే, ట్రంప్ మీద గెలుస్తుందా?" అని నేను. పెళ్లిచూపుల్లో అబ్బాయి నచ్చాక కూడా "నలుగురూ ఏమంటారో" అంటారే, అలాగన్నమాట. ఆ నలుగురూ ఎవరో ఇంతవరకూ నాకు ఎదురుపడలేదు. శాండర్స్ మరీ వామపక్షం అంటారేమో. బూటిజెజ్‌కి 38 ఏళ్లే, పైగా ఆ పేరు పలకడానికే సగం దేశం తడబడుతోంది. బైడెన్‌కి 77 అయినా, ఎరిగిన మొహం.

అసలు సంగతి చెప్పాలంటే, ఆ మూలన మా పక్కింటి పెద్దాయన కనిపించాడు. పుట్టి పెరిగిందంతా ఇక్కడే, తాతల నాటి నుంచీ మొక్కజొన్న రైతులు. ఈయన వేశాడంటే అమెరికా వేసినట్టే అని లెక్కేసి వెళ్లి పక్కన చేరాను.

మొత్తం 212 మంది. గుంపు చెల్లాలంటే 32 మంది ఉండాలి. మేం 30.

ఇక చూడండి, బస్టాండులో ఆటోవాళ్లలా చుట్టుముట్టారు. బూటిజెజ్ తరఫున ఒకావిడ బిస్కెట్లు పెట్టింది. క్లోబుచార్ తరఫున ఒకాయన నా భుజం మీద చెయ్యేసి మా పిల్లల చదువుల గురించి అడిగాడు. అమెరికాకి వచ్చాక ఇంత మర్యాద నాకెప్పుడూ జరగలేదు. బిస్కెట్ నములుతూ పెద్దాయన్ని అడిగాను, బైడెన్ గెలుస్తాడని మీకెందుకు అనిపించిందని.

"నేను కోటు తగిలిద్దామని ఇటొచ్చాను. నువ్వు నేరుగా వచ్చి నిలబడ్డావు. మీవాళ్లు కూడా ఇతనికే వేస్తారన్నమాట, అయితే గెలుస్తాడు అనుకుని ఉండిపోయాను" అన్నాడు.

ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. తర్వాత ఆయన మెల్లిగా క్లోబుచార్ వైపు నడిచాడు.

అప్పుడే జిమ్ అవతలి మూల నుంచి "ఏమండీ!" అని వినిపించింది. మా ఆవిడ. చేతిలో కారు తాళాలు గలగలలాడిస్తోంది. బయట చలి గుర్తొచ్చింది. వెళ్లి వారెన్ గుంపులో చేరి, కార్డు మీద సంతకం పెట్టేశాను.

పెట్టి వెనక్కి తిరిగితే బైడెన్ మూలన చప్పట్లు. యాంగ్ గుంపు నుంచి ఇద్దర్ని ఎలాగో ఒప్పించి తెచ్చుకున్నారు. చప్పట్లయ్యాక మళ్లీ లెక్కపెట్టుకున్నారు. 30.

వాళ్లు నావైపు చూసిన చూపు గురించి రాయను.

ఫలితాలు పంపాల్సిన యాప్ మొరాయించి, తెల్లారినా ఎవరు గెలిచారో తేలలేదు. ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసి, "మన పంచాయతీ ఎన్నికల్లో పొద్దుగూకేలోపు సర్పంచ్ తేలిపోతాడు కదరా" అంది. చివరికి లెక్క తేలేసరికి బైడెన్‌ది నాలుగో స్థానం. సరైన సమయంలో దిగిపోయానని ఆఫీసులో నలుగురికీ చెప్పుకున్నాను. ఆ గొప్ప ఫిబ్రవరి 29న సౌత్ కరోలినా రాష్ట్రంలో ఇదే పోటీలో ఆయన గెలిచేదాకా నిలిచింది.

నవంబరు 7, శనివారం. బైడెన్ నెగ్గాడని టీవీలో చెబుతుంటే మా ఆవిడ టీ గ్లాసు చేతికిచ్చి పక్కన కూర్చుంది.

"అయినా, తాళాలు కావాలంటే అడిగితే ఇచ్చేదాన్నిగా!" అంది.